ఫోన్ గడియారం, వార్డు గడియారం: క్రిమినల్ కేసులో మెసేజీలను, వైద్య రీడింగులను పరీక్షించే పద్ధతి

పురుగుమందు తాగి చనిపోయిందా, తాగించి చంపారా అన్న వివాదంతో నడిచే కేసులు శ్రీకాకుళం, విజయనగరం సెషన్స్ కోర్టులకు కొత్త కావు. వీటిలో కళ్లారా చూసిన సాక్షి దొరకడం అరుదు. చివరికి మిగిలేవి ఫోన్లోని మెసేజీలు, ఆసుపత్రి కాగితాల మీది అంకెలు. చార్జిషీటులో రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే కథ గట్టిగానే కనిపిస్తుంది. ఏది ఏ గడియారం ప్రకారం నమోదైంది, ఎవరి చేతుల మీదుగా కోర్టుకు చేరింది అని విడివిడిగా చూస్తే ఆ కథ మారిపోవచ్చు. ముద్దాయికి మేలూ జరగొచ్చు, కీడూ జరగొచ్చు. ఈ రాత కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చిన వకీళ్ల కోసం. మీరు ఏ పక్షాన నిలబడినా చేయాల్సిన పని ఒకటే.

ముందు ఏ చట్టమో తేల్చుకోండి

భారతీయ సాక్ష్య అధినియమ్ 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకే దర్యాప్తులోనో విచారణలోనో ఉన్న కేసులకు 1872 నాటి సాక్ష్య చట్టమే వర్తిస్తుందని కొత్త చట్టం 170వ సెక్షనే చెబుతోంది. కాబట్టి ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టడానికి పాత కేసులో 65-బి సర్టిఫికెట్, కొత్త కేసులో సెక్షన్ 63 సర్టిఫికెట్ వెతకాలి. పార్ట్-ఎ, పార్ట్-బి, హ్యాష్ విలువ (డేటా నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్రలాంటి అక్షరాల వరుస) అనే నమూనా కొత్త చట్టంతో వచ్చింది. పాత కేసులో పార్ట్-బి లేదని లేచి అభ్యంతరం చెబితే నవ్వులపాలవుతారు.

కాగితాలు తెప్పించుకోండి, తొందరగా

ముద్దాయి హాజరైన 14 రోజుల్లోపు పోలీసు రిపోర్టు, దానితోపాటు దాఖలైన పత్రాల నకళ్లు ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 230వ సెక్షన్ చెబుతుంది. మెమరీ కార్డులో ఉన్నది కూడా పత్రమేనని, దాని నకలు ముద్దాయికి మామూలుగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019లో దిలీప్ కేసులో చెప్పింది. అయినా చేతికొచ్చే కట్టలో తరచూ ఉండేది ఎంపిక చేసిన నాలుగైదు పేజీల చాట్ ప్రింటు, పోస్టుమార్టం సర్టిఫికెట్, అంతే. మిగతావి పిటిషన్ వేసి అడగాలి.

ఫోన్ వైపు నుంచి: స్వాధీన పంచనామా, సంహిత 105వ సెక్షన్ ప్రకారం తీసిన వీడియో, విశాఖపట్నం ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబుకు పంపిన లేఖ, ఫోన్లోంచి ల్యాబు బయటికి తీసిన డేటా మొత్తం ఉన్న ఎక్స్‌ట్రాక్షన్ రిపోర్టు సాఫ్ట్ కాపీ, ఎలక్ట్రానిక్ పరికరం ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో చెప్పే వరుస (సంహిత 193వ సెక్షన్ ప్రకారం పోలీసు రిపోర్టులో ఇది ఉండి తీరాలి), కాల్ డేటా, సిమ్ తీసుకున్నప్పటి దరఖాస్తు.

ఆసుపత్రి వైపు నుంచి: 108 వాళ్లు రాసిన రోగి రికార్డు, మొదట చేర్చిన పీహెచ్‌సీ లేదా సీహెచ్‌సీ ఓపీ చీటీ, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరు పేజీ, రిఫరల్ చీటీ, పెద్దాసుపత్రి కేసు షీటు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నర్సుల చార్టు, ల్యాబు రిజిస్టరు. డిశ్చార్జి సమ్మరీ గానీ డెత్ సమ్మరీ గానీ చాలదు. అది తర్వాత ఎవరో కూర్చుని రాసిన సారాంశం. ఇచ్ఛాపురం వైపు రోగుల్ని బరంపురం తీసుకెళ్లడం మామూలే కాబట్టి, ఒక ఆసుపత్రి ఒడిశాలో ఉంటే సమన్లకు అదనంగా సమయం పెట్టుకోండి.

తొందర ఎందుకంటే ఇవన్నీ శాశ్వతంగా ఉండవు. టెలికాం కంపెనీలు కాల్ డేటాను కనీసం రెండేళ్లు ఉంచాలి, ఆ తర్వాత భరోసా లేదు. ఆసుపత్రి సీసీటీవీ చాలాచోట్ల కొన్ని వారాల్లోనే చెరిగిపోతుంది. వైద్య రికార్డులను మూడేళ్లు ఉంచాలని, రోగిగానీ అధికారం ఉన్న బంధువుగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. కుటుంబసభ్యులే మీ క్లయింట్లయితే కోర్టు దాకా వెళ్లకుండా ముందు ఈ దారిలో అడగండి.

ఫోన్ ఎవరి చేతుల్లోంచి వచ్చింది?

పంచనామా చదివేటప్పుడు చూడాల్సినవి: ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరు రాశారా (రెండు సిమ్‌ల ఫోనుకు రెండు ఉంటాయి), ఫోన్ ఆన్‌లో ఉందా, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టారా, సీలు వేశారా, మధ్యవర్తులుగా సంతకం చేసిన వీఆర్వోలు నిజంగా ఆ చోట ఉన్నారా. ల్యాబుకు చేరిన తేదీకి, స్వాధీనం తేదీకి మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. ఆ రోజుల్లో ఫోన్ వాడినట్టు ఎక్స్‌ట్రాక్షన్ రిపోర్టులో ఏమైనా జాడ ఉందేమో చూడండి: కొత్తగా వైఫైకి కలవడం, ఒక చాట్ తెరవడం, గ్యాలరీలో కొత్త స్క్రీన్‌షాట్. స్టేషన్‌లో ఎవరో చాట్ తెరిచి చూసినా ఫోన్ లోపలి డేటా మారుతుంది. అది దురుద్దేశం కానక్కర్లేదు. కానీ తర్వాత వేసిన హ్యాష్ విలువ మారిన డేటాకే వర్తిస్తుంది, మొదట ఉన్నదానికి కాదు. హ్యాష్ సరిపోయింది కాబట్టి అంతా సవ్యమే అనే వాదన ఇక్కడే తప్పుతుంది.

సర్టిఫికెట్లో హ్యాష్ పద్ధతి ఎస్‌హెచ్‌ఏ-256 అని టిక్కు పెట్టి ఉంటే విలువ 64 అక్షరాలుండాలి, ఎండీ-5 అయితే 32. లెక్కపెట్టండి. ఫారం నింపేటప్పుడు ఒక అక్షరం జారిపోయినా ఆ విలువ దేనికీ సరిపోదు. పార్ట్-ఎ పరికరం బాధ్యత ఉన్న వ్యక్తి ఇవ్వాలి, పార్ట్-బి నిపుణుడు ఇవ్వాలి. రెండింటి మీదా ఒకే ఎస్సై సంతకం ఉంటే అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది.

సర్టిఫికెట్ తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసు తేల్చాయి. ఒరిజినల్ ఫోన్‌నే కోర్టులో పెట్టి, దాని యజమాని బోనెక్కి చెబితే అవసరం లేదు. ముద్దాయి తరఫు వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరం ఆ పత్రాన్ని మార్కు చేసేటప్పుడే చెప్పాలి. అప్పీలులో మొదటిసారి లేవనెత్తితే కుదరదని 2017లో సోను కేసు చెప్పింది. ప్రాసిక్యూషన్ వైపు వాళ్లకు ఊరట: లోపం విచారణ ముగిసేలోపు సరిదిద్దుకోవచ్చు. 2023లో నసీర్ కేసులో సుప్రీంకోర్టు అదే అనుమతించింది. అందుకే సర్టిఫికెట్ మీదే కేసు గెలుద్దామనుకోకండి. సాక్షిని మళ్లీ పిలిపించే రీకాల్ పిటిషన్ ఒక్కటి వేస్తే ఆ లోటు పూడిపోతుంది.

మెసేజీలు చదవడం

చాట్ పైన కనిపించే పేరు ఆ ఫోన్ కాంటాక్టుల్లో రాసుకున్నది మాత్రమే. ‘బావ’ అని ఎవరి నంబరైనా సేవ్ చేసుకోవచ్చు. పేరు వదిలేసి నంబరు పట్టుకోండి, నంబరు నుంచి సిమ్ దరఖాస్తుకు వెళ్లండి. మన పల్లెల్లో సిమ్ తండ్రి పేరున ఉండి కొడుకు వాడటం, ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ వాడటం సాధారణం. కాబట్టి సిమ్ ఎవరిది, ఫోన్ ఎవరిది, ఆ నిమిషాన వేలు ఎవరిది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాట్సాప్‌కు అదనంగా నాలుగు పరికరాల దాకా లింక్ చేయవచ్చు. మెసేజ్ షాపులోని కంప్యూటర్ నుంచి వెళ్లి ఉండవచ్చు.

కాల్ డేటాలో ఎస్‌ఎమ్‌ఎస్ ఎవరికి, ఎప్పుడు వెళ్లిందో ఉంటుంది, అందులో ఏం రాశారో ఉండదు. వాట్సాప్ మెసేజీలైతే కాల్ డేటాలో విడివిడిగా కనిపించవు. ‘కాల్ డేటాతో మెసేజ్ రుజువైంది’ అని ఎవరైనా అంటే ఏ వరుసలో ఉందో చూపించమనండి.

స్క్రీన్‌షాట్, చాట్ ఎక్స్‌పోర్ట్ బలహీనమైనవి. ఎక్స్‌పోర్ట్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైనా తెరిచి మార్చవచ్చు. అసలైన పరీక్ష ఏమిటంటే, ఒకే సంభాషణ రెండు ఫోన్లలో ఉంటుంది. రెండో ఫోన్ కూడా తెప్పించి వరుసకు వరుస పోల్చండి. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని మెసేజ్ ‘నాకు మాత్రమే’ తొలగించింది కావచ్చు. ‘అందరికీ’ తొలగిస్తే సాధారణంగా ఆ చోట తొలగించిన గుర్తు మిగులుతుంది. పంపిన 15 నిమిషాల్లోపు మెసేజ్‌ను సవరించవచ్చు, సవరించినట్టు గుర్తు పడుతుంది. డిసప్పియరింగ్ ఆన్‌లో ఉంటే 24 గంటలు, 7 రోజులు లేదా 90 రోజులకు మాయమవుతాయి. ఆ సెట్టింగు ఎప్పుడు, ఎవరు పెట్టారో చాట్‌లోనే వస్తుంది. ముద్దాయి ఘటన మర్నాడు పెట్టాడా, ఆరు నెలల ముందే పెట్టాడా అన్నదాన్ని బట్టి అర్థం తలకిందులవుతుంది. నీలం టిక్కులు చాట్ తెరుచుకుందని చెబుతాయి. తెరిచింది ఎవరో చెప్పవు.

తర్వాత భాష. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ‘మందు తెచ్చాను’ అంటే జ్వరానికా, చేనుకా, సీసానా? పై పది మెసేజీలు, కింది పది మెసేజీలు చదివితేగానీ తెలియదు. ‘గుంట ఏడుస్తోంది’ అన్నది మన వైపు చంటిపిల్ల సంగతి, వేరే జిల్లా అనువాదకుడికి అది అయోమయం. కాబట్టి ఇంగ్లిష్ అనువాదం పక్కన అసలు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఉంచాలని పట్టుబట్టండి. సంభాషణలో ఒక ముక్క తెస్తే, అర్థం కావడానికి అవసరమైన మిగతాదీ తేవాలని అధినియమ్ సెక్షన్ 33 చెబుతుంది. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు ఒక్క మెసేజ్ మార్కు చేస్తే ఆ రోజు చాట్ మొత్తం అడగండి.

చనిపోయిన మనిషి అక్కకో స్నేహితురాలికో పంపిన మెసేజీలు వేరే కోవ. మరణ కారణం గురించి, దానికి దారితీసిన పరిస్థితుల గురించి అయితే అధినియమ్ 26(ఎ) కింద అవి నిలబడతాయి. 1984 నాటి శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో కొత్త కోడలు అక్కకు, స్నేహితురాలికి రాసిన ఉత్తరాల మీదే పెద్ద చర్చ జరిగింది. విషంతో హత్య అన్నప్పుడు చూడాల్సిన నాలుగు అంశాలూ ఆ తీర్పులోనే ఉన్నాయి: ప్రేరణ, మరణం విషం వల్లేనా, ముద్దాయి దగ్గర ఆ విషం ఉందా, ఇచ్చే అవకాశం ఉందా. మెసేజీలు సాధారణంగా ఒకటి, మూడు, నాలుగు అంశాలకు పనికొస్తాయి. రీడింగులు రెండోదానికే. ఒకదాని లోటును ఇంకోదానితో పూడుస్తుంటే ఆపి అడగాలి.

రీడింగులు: అంకె పక్కన ఏముందో చూడండి

ప్రతి అంకెకూ అయిదు సంగతులు రాసుకోండి. ఏ యంత్రం, ఏ నమూనా, ఎప్పుడు తీశారు, ఎవరు రాశారు, అంతకు ముందు ఏ మందు ఇచ్చారు. ల్యాబు రిపోర్టు మీద నమూనా తీసిన సమయం, ల్యాబుకు చేరిన సమయం, రిపోర్టు వచ్చిన సమయం వేర్వేరుగా ఉంటాయి. చార్జిషీటులో తరచూ ఎక్కేది మూడోది.

ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు కేసుల్లో మొదట వచ్చేది కోలినెస్టరేజ్ అనే ఎంజైము అంకె. మామూలు ల్యాబులు చేసేది ప్లాస్మా కోలినెస్టరేజ్. అది పురుగుమందుతో పడిపోతుంది, నిజమే. కానీ కాలేయ జబ్బుతో, పోషకాహార లోపంతో, గర్భంతో కూడా తగ్గుతుంది. వైశ్య సమాజంలో కొందరికి ఇది పుట్టుకతోనే బాగా తక్కువని వైద్య సాహిత్యంలో నమోదైంది. వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు, ఆపరేషన్ మత్తులో మాత్రం బయటపడుతుంది. కాబట్టి ఆ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తిరిగి రావడం ఆలస్యమైందా అని అడగండి. ఎర్ర రక్తకణాల్లోని కోలినెస్టరేజ్ ఇంకాస్త నమ్మదగినది, అయితే నమూనాను వెంటనే చల్లబరచాలి, లేకపోతే ట్యూబులోనే చర్య సాగుతుంది. ఒక్క రీడింగు కంటే రోజుల తరబడి వరుస మేలు. కనుపాపలు, నాడి చదివేటప్పుడు విరుగుడు మందు అట్రోపిన్ ఎప్పుడు ఇచ్చారో చూడండి. సోంపేటలో సూదిమొనంత చిన్నవిగా ఉన్న కనుపాపలు శ్రీకాకుళం చేరేసరికి పెద్దవై, నాడి 60 నుంచి 130కి పోతే అది వైరుధ్యం కాదు, మందు పనిచేసింది. ఇది తెలియక డాక్టర్‌ను క్రాస్ చేస్తే మీ ప్రశ్నే ప్రాసిక్యూషన్‌కు బలమవుతుంది.

క్రియాటినిన్ దగ్గర మన జిల్లా ప్రత్యేకత ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, అంటే ఉద్దానంలో, ఏ లక్షణమూ లేకుండా ఏళ్లుగా కిడ్నీలు దెబ్బతిని ఉన్నవాళ్లు ఎందరో. మామూలుగా 1.2 లోపు ఉండాల్సిన క్రియాటినిన్ 4 ఉందంటే ‘విషం కిడ్నీని కొట్టింది’ అనేయడం తేలిక. పారాక్వాట్ అనే కలుపుమందుతో అలా పెరుగుతుంది కూడా. కానీ ఆ మనిషికి పోయిన నెల ఎంత ఉంది? సీహెచ్‌సీలో, డయాలసిస్ కేంద్రంలో, గ్రామంలో జరిగిన పరీక్షల్లో పాత అంకె ఉంటుంది, వెతికి తెప్పించండి. పాతది 3.8 అయితే ఆ వాదన కూలుతుంది. పాతది 0.9 అయితే ప్రాసిక్యూషన్‌కు అంతకంటే గట్టి కాగితం లేదు. పొటాషియం కూడా అంతే. పైగా రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే అంకె ఉత్తినే పెరుగుతుంది. రిపోర్టు అడుగున ‘హీమోలైజ్డ్’ అని ఉందేమో చూడండి.

గ్లూకోమీటరుకు అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చే వెసులుబాటు ఇది: 100 లోపు రీడింగుల్లో 95 శాతం అసలు విలువకు 15 అటూ ఇటూ ఉండొచ్చు, 100 దాటితే 15 శాతం అటూ ఇటూ. 62 అన్నది 47 కావచ్చు, 77 కావచ్చు. వేలికి బెల్లం అంటుకుని ఉంటే పైకి పోతుంది. ల్యాబుకు పంపిన రక్తాన్ని వేరుచేయకుండా మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గుతుంది. పాలకొండ నుంచి వాహనంలో వచ్చిన నమూనా అయితే ఎన్ని గంటలో లెక్క కట్టండి. చనిపోయాక తీసిన రక్తంలో చక్కెర అంకెను పట్టించుకోకండి, కంటి ద్రవం నుంచి తీసినది కొంత నయం. ఇన్సులిన్ ఇచ్చి చంపారన్న ఆరోపణ ఉంటే సి-పెప్టైడ్ అడగాలి. శరీరం తయారుచేసే ఇన్సులిన్‌తో పాటు అదీ సమంగా వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువగా, సి-పెప్టైడ్ తక్కువగా ఉంటే బయటి ఇన్సులిన్ అనుమానించాలి. అయితే ఆసుపత్రి ల్యాబు పరీక్ష కోర్టు రుజువు కోసం రూపొందినది కాదు, ఇంకో పద్ధతితో నిర్ధారణ చేశారా అని అడగండి.

పల్స్ ఆక్సిమీటరు చల్లబడ్డ వేళ్ల మీద, వణుకుతున్న చేతి మీద తప్పు చూపిస్తుంది. మంటల కేసుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్‌గా లెక్కేసి 98 చూపిస్తుంది. రక్తంలో ఆల్కహాల్ అంకె సీరం మీద తీసిందా, మొత్తం రక్తం మీదా అని చూడండి, సీరం అంకె ఎక్కువ వస్తుంది. బీపీ 120/80, 110/70 అని వరుసగా సున్నాలతో, సరిగ్గా 6, 8, 10 గంటలకు ఉంటే డ్యూటీ చివర్లో ఒకేసారి నింపిన చార్టు కావచ్చు. అయినంత మాత్రాన అబద్ధమనకండి. రద్దీ వార్డులో నర్సమ్మ పని అలాగే నడుస్తుంది. సమయం మాత్రం నమ్మొద్దు.

గడియారాలు సరిచేసి ఒక పట్టిక వేయండి

ఇక్కడే ఎక్కువ కేసులు తిరుగుతాయి. ల్యాబు ఎక్స్‌ట్రాక్షన్ రిపోర్టుల్లో సమయం తరచూ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. సాయంత్రం 6:30 దాటిన యూటీసీ సమయానికి కలిపితే తేదీ కూడా మారుతుంది.

ఊహకు ఒక ఉదాహరణ. రిపోర్టులో ముద్దాయి ‘అయిపోయింది’ అని తమ్ముడికి పంపిన మెసేజ్ 14వ తేదీ 19:26. కేసు షీటులో మానిటర్ ప్రకారం గుండె ఆగింది 15వ తేదీ 01:05. అలాగే చదివితే మనిషి పోవడానికి అయిదున్నర గంటల ముందే ముద్దాయికి తెలుసు. యూటీసీ సరిచేస్తే మెసేజ్ 15వ తేదీ 00:56. ఇప్పటికీ తొమ్మిది నిమిషాల ముందే. ఇక మానిటర్ గడియారం. మానిటర్‌లో 00:47కి అలారం మోగగానే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశానని నర్సు రాసింది. డాక్టర్ కాల్ డేటాలో ఆ కాల్ 00:33. అంటే మానిటర్ 14 నిమిషాలు ముందుంది, గుండె ఆగింది 00:51కి. మెసేజ్ అయిదు నిమిషాల తర్వాతది. ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఇంటికి కబురు చెప్పాడు, అంతే.

టెలికాం నెట్‌వర్కు సమయమే ఇక్కడ లంగరు. మిగతా గడియారాలన్నీ దానికి కట్టండి. ఒక్క లంగరు చాలదు, రెండో సంఘటన కూడా దొరికించుకోండి: 108 కాల్, సీసీటీవీలో స్ట్రెచర్ లోపలికొచ్చిన క్షణం, లిఫ్టు ముందు తీసిన ఫోటో. మానిటర్ గడియారాన్ని ఇవాళ వెళ్లి చూసి ఇంత తేడా అంటే కుదరదు. ఈ మధ్యలో ఎవరో సరిచేసి ఉండొచ్చు, బ్యాటరీ మార్చి ఉండొచ్చు.

పట్టికలో అయిదు గడులు పెట్టండి: సంఘటన, కాగితం మీది సమయం, ఏ గడియారం, సరిచేసిన సమయం, తేడా ఎంత ఉండొచ్చు. చివరి గడిని ఖాళీగా వదలకండి. రెండు సంఘటనల మధ్య దూరం అయిదు నిమిషాలు, తేడా పది నిమిషాలు అయితే ఏది ముందో చెప్పలేమని మీరే రాయండి. అవతలి పక్షం చెప్పేదాకా ఆగకండి.

బోను దగ్గర

ఫోరెన్సిక్ ల్యాబు అసిస్టెంట్ డైరెక్టర్ స్థాయి అధికారి రిపోర్టును ఆయన రాకుండానే సంహిత 329వ సెక్షన్ కింద చదువుకోవచ్చు. క్రాస్ చేయాలంటే పిలిపించమని మీరే అడగాలి. పత్రాలను ఒప్పుకుంటారా లేదా అన్నది నకళ్లు అందిన 30 రోజుల్లో చెప్పాలి (సంహిత 330). కేసు షీటును గుడ్డిగా ఒప్పుకుంటే నర్సును క్రాస్ చేసే దారి అక్కడే మూసుకుపోతుంది. చికిత్స చేసిన డాక్టర్ బదిలీ అయితే సంహిత 336 ప్రకారం ఆ స్థానంలో ఉన్న డాక్టర్ వచ్చి పత్రం గురించి చెప్పవచ్చు. ఆయన ఆ రోగిని చూడలేదని మాత్రం రికార్డులో పెట్టించండి.

ప్రశ్నల వరుస: ముందు దర్యాప్తు అధికారితో ఫోన్ ఎన్ని రోజులు ఎక్కడ ఉందో, తర్వాత ల్యాబు అధికారితో యూటీసీ సంగతి, ఆ తర్వాత నర్సుతో చార్టు ఎప్పుడు నింపిందో, చివరిగా డాక్టర్. డాక్టర్‌ను ‘ఇది విషం కాదు కదా’ అని అడగకండి. ‘కాలేయ జబ్బులో కూడా ఈ అంకె తగ్గుతుందా?’, ‘పాత రీడింగు మీకు ఎవరైనా చూపించారా?’ ఇలా చిన్నవి, అవును-కాదు అని జవాబొచ్చేవి అడిగి కూర్చోండి. సాక్షి తన పాత మెసేజ్‌కు విరుద్ధంగా చెబితే అధినియమ్ 148 ప్రకారం ముందు ఆ వరుస ఆయనకు చూపించాలి, లేకపోతే ఆ వైరుధ్యం వాదనల్లో వాడుకోలేరు.

సంహిత 351 కింద ముద్దాయిని ప్రశ్నించేటప్పుడు ప్రతి మెసేజ్‌నూ, ప్రతి ముఖ్యమైన రీడింగునూ విడిగా అడిగారా చూడండి. మీరు పీపీ వైపైతే అడిగించండి, అన్నీ ఒకే ప్రశ్నలో కుక్కితే అప్పీలులో ఇబ్బంది. వాదనల రోజున గడియారాల పట్టికను మెమోతో పాటు దాఖలు చేయండి. ప్రతి వరుస పక్కన ఎక్స్‌హిబిట్ నంబరు, సాక్షి నంబరు, పేజీ నంబరు ఉండాలి. నంబరు దొరకని వరుస ఎంత బాగున్నా కొట్టేయండి.